ఎలక్ట్రిక్ పడవకు 96 వోల్టులు కావాలా?

చిన్న పడవకు బ్యాటరీ మోటారు పెట్టుకోవాలనుకునేవాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక మాట తెగ తిరుగుతోంది. "48 వోల్టులు పాతబడిపోయింది. 96 పెట్టండి, మైలేజీ రెట్టింపు, వేగం రెట్టింపు. 48 మీదే ఉంటే షాక్ కొట్టదు, ఫ్యూజు కూడా అక్కర్లేదు." ఇది నమ్మి అప్పు తెచ్చి డబ్బు పెట్టేవాళ్లున్నారు, మనుషుల్ని ఎక్కించుకుని నీళ్లలోకి వెళ్లేవాళ్లున్నారు. అందుకే ఒక్కో మాటా తేల్చాలి.

మైలేజీ సంగతి ముందు. వోల్టులను ఏహెచ్‌తో, అంటే ఆంపియర్-అవర్లతో, గుణిస్తే బ్యాటరీలో ఎంత శక్తి దాగుందో తెలుస్తుంది. 48 వోల్టుల 100 ఏహెచ్‌లోనూ, 96 వోల్టుల 50 ఏహెచ్‌లోనూ ఉండేది 4.8 యూనిట్లే. దూరం పెరగాలంటే యూనిట్లు పెరగాలి.

తీగలో నష్టం తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, ఎంత అన్నదే ప్రశ్న. 5 కిలోవాట్ల మోటారు, రానూపోనూ 12 మీటర్ల తీగ, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి అనుకుందాం. 12 వోల్టుల మీద 400 ఆంపియర్లు దాటి, దాదాపు వెయ్యి వాట్లు తీగలోనే వేడైపోతాయి. 48 మీద 105 ఆంపియర్లు, నష్టం 65 వాట్లు. 96 మీద 16 వాట్లు. అంటే 12 నుంచి 48కి మారితే మోటారు శక్తిలో ఐదో వంతు దాకా మిగులుతుంది. అక్కణ్నుంచి 96కి వెళ్తే మిగిలేది నూటికి ఒకటి. ఆ ఒకటి కోసం ఛార్జరు, మోటారును నడిపే కంట్రోలరు, బ్యాటరీని కాచుకునే బీఎంఎస్ అన్నీ మార్చడం దండగ.

వేగం రెట్టింపన్నది ఇంకా తప్పు. అదే మోటారుకు వోల్టేజ్ పెంచితే తిరుగుడు పెరిగే మాట నిజమే. కానీ నీళ్లలో ఫ్యాను రెట్టింపు వేగంతో తిరగాలంటే సుమారు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అంత భారం పడితే కంట్రోలరు కాలిపోవచ్చు. పడవ అడుగు ఆకారం బాగుంటే తక్కువ శక్తితోనే పని జరుగుతుంది. కేరళలో వైక్కం, తవణక్కడవు మధ్య 2017లో మొదలైన సోలార్ ఫెర్రీ 'ఆదిత్య' చూడండి. 75 మందిని ఎక్కించుకునే ఆ పడవకు ఉన్నవి 20 కిలోవాట్ల మోటార్లు రెండే. పక్కపక్కన రెండు సన్నటి పొట్టలున్న కాటమరాన్ అది.

అంత పెద్ద పడవలకు ఎక్కువ వోల్టేజ్ న్యాయమే. 20 కిలోవాట్లను 48 మీద లాగితే 400 ఆంపియర్ల పైనే. మన చిన్న పడవల సంగతి వేరు. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటులో షాక్ ప్రమాదానికి 60 వోల్టులు చాలా ప్రమాణాలు పెట్టుకున్న హద్దు. 48 వోల్టులకు వాడే 16 సెల్స్ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ నిండా ఛార్జయినా 58.4 వోల్టుల దగ్గర ఆగుతుంది. 96కి వాడే 32 సెల్స్ ప్యాక్ 116 దాటుతుంది. తడి చేతులతో, తడి కాళ్లతో పనిచేసే చోట ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఫ్యూజు వద్దన్న సలహా. ఫ్యూజు ఉండేది షాక్ ఆపడానికి కాదు, నిప్పు అంటుకోకుండా చూడడానికి. టెర్మినల్ దగ్గర లగ్గును, అంటే తీగ చివర నట్టుతో బిగించే కొసను, చూడండి. అదురుకు నట్టు వదులవుతుంది, ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. అక్కడ 2 మిల్లీ ఓమ్‌ల నిరోధం చేరినా 100 ఆంపియర్ల దగ్గర 20 వాట్ల వేడి ఒకే చోట పుడుతుంది. దాన్ని ఏ ఫ్యూజూ పట్టుకోదు, చేత్తో తాకి, స్పానరు పెట్టి మనమే చూసుకోవాలి. ఆ వేడికి ఇన్సులేషన్ కరిగి ప్లస్, మైనస్ కలిస్తే మాత్రం లిథియం ప్యాక్ వేల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. అప్పుడు ఆపగలిగేది ఫ్యూజే. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీని అక్కడ పెట్టకండి. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీకి ఆ విరామం లేదు. డీసీకి రేటింగ్ ఉన్న, వేల ఆంపియర్లనూ తెంపగలిగే క్లాస్ టీ రకం ఫ్యూజును ప్లస్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా బిగించండి.