హత్షెప్సుట్ పేరు చెరిపింది పగతోనేనా?

ప్రాచీన ఈజిప్టు గురించి విస్తృతంగా ప్రచారంలో ఉన్న ఒక కథనం సారాంశం ఇది: హత్షెప్సుట్ అనే రాణి సవతి కొడుకు సింహాసనాన్ని కాజేసి, కృత్రిమ గడ్డం పెట్టుకుని, తాను మగవాడినేనని ప్రజలను నమ్మించి పాలించింది, ఆమె కన్నుమూయగానే ఆ సవతి కొడుకు మూడవ తుత్మోస్ అన్నాళ్లూ దాచుకున్న పగ తీర్చుకోవడానికి ఆమె విగ్రహాలను పగలగొట్టించి, పేరును చెరిపించాడు, అందువల్ల మూడు వేల ఏళ్లకు పైగా ఆమె ఉనికే లోకానికి తెలియలేదు. కథ రక్తి కట్టేదే కాని, శాసనాలతో సరిపోల్చి చూస్తే ఇందులో చాలా భాగం నిలవదు.

సింహాసనాన్ని కాజేసిందన్న ఆరోపణ మొదటిది. హత్షెప్సుట్ భర్త, రాజు రెండవ తుత్మోస్ మరణించేనాటికి, మరో భార్య ఇసెట్‌కు పుట్టిన మూడవ తుత్మోస్ పసివాడు కనుక, పట్టమహిషి హత్షెప్సుట్ అతని తరఫున రాజ్యభారం వహించింది. 7వ పాలనా సంవత్సరం నాటికి ఆమె స్వయంగా రాజ బిరుదులు ధరించింది. ఆమె అధికారి సెనెన్‌ముట్ తల్లిదండ్రుల సమాధిలో దొరికిన కుండలపై ఆమె పట్టాభిషేక నామం మాత్‌కారే ముద్రలు ఉన్నాయి. అయితే ఆమె పిల్లవాణ్ణి పదవి నుంచి తొలగించలేదు. పాలనా సంవత్సరాలను అతని పట్టాభిషేకం నుంచే లెక్కించారు. కర్నాక్ ఆలయ సముదాయంలో ఆమె కట్టించిన ఎర్ర మందిరం శిల్పాల్లో ఇద్దరూ రాజులుగానే కలిసి కనిపిస్తారు. ఆమె అతనికంటే పైస్థానం తీసుకున్న మాట వాస్తవం; దాన్ని అపహరణ అనడం మాత్రం అతిశయోక్తి.

పురుష వేషంతో మోసం చేసిందన్న మాటకు ఎక్కువ చర్చ అవసరం లేదు. రాజచిహ్నాలు ధరించినా స్త్రీ దేహంతోనే చెక్కిన తొలినాటి విగ్రహాలు ఉన్నాయి. మగ రూపంలో చెక్కిన చోట్ల కూడా శాసనాలు ఆమెను తరచుగా స్త్రీలింగంలోనే, సూర్యదేవుడు రే కుమార్తెగానే పేర్కొన్నాయి. గడ్డం ఫరో, అంటే ఈజిప్టు రాజు, పదవికి చిహ్నం. రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజు అని పేర్కొన్నంత మాత్రాన ఓరుగల్లు ప్రజలు మోసపోయారని మనం అనుకోవడం లేదు కదా!

అసలు బలహీనత పగ కథలోనే ఉంది. ఆమె మరణం 22వ పాలనా సంవత్సరంలో, అంటే సుమారుగా క్రీ.పూ. 1458లో జరిగింది. పేర్లు చెరపడం మాత్రం 42వ సంవత్సరం ప్రాంతంలోనే మొదలైనట్టు కర్నాక్ కట్టడాల క్రమం సూచిస్తోంది. మనసులో పగ రగులుతున్న రాజు, సర్వాధికారం చేతికి వచ్చాక కూడా ఇరవై ఏళ్లు ఎందుకు ఆగాడు? పైగా ఆమె మొదలుపెట్టిన ఎర్ర మందిరం అలంకరణను తానే కొనసాగించి, ఆ తరువాతే దాన్ని ఎందుకు విప్పించాడు? చెరపడంలోనూ ఒక పద్ధతి కనిపిస్తుంది. రాజుగా ఆమెను చూపిన బొమ్మలను తొలగించి, చాలా చోట్ల మొదటి, రెండవ తుత్మోస్‌ల పేర్లు చెక్కించారు. రెండవ తుత్మోస్ భార్యగా చూపిన చోట్ల మాత్రం ఆమెను సాధారణంగా అలాగే వదిలేశారు. కాబట్టి గురి ఆమె మీద కాదు, ఆమె ధరించిన రాజరికం మీద. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకు, తన నుంచి కొడుకు రెండవ అమెన్‌హోటెప్‌కు వారసత్వం నేరుగా సాగినట్టు చూపాలన్న రాజకీయ అవసరమే కారణమని పలువురు పరిశోధకుల అభిప్రాయం. నాకూ అదే సబబుగా తోస్తుంది.

విగ్రహాల సంగతి ఇంకా ఆసక్తికరం. డేర్ ఎల్ బహ్రీలోని ఆమె ఆలయం దగ్గర 1920లలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తవ్వకాల్లో బయటపడిన ముక్కలను చూసి, అది కక్షతో చేసిన విధ్వంసమేనని చాలాకాలం భావించారు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఒకరు 2025లో ఆ తవ్వకాల పాత రికార్డులను మళ్లీ పరిశీలించి, అనేక విగ్రహాల ముఖాలు దాదాపు చెక్కుచెదరలేదని, మెడ, నడుము, మోకాళ్ల దగ్గర విరగ్గొట్టారని చూపారు. విగ్రహంలోని శక్తిని తొలగించడానికి ఇతర ఫరోల విగ్రహాలకూ ఇలాగే చేసేవారు. తరువాతి కాలంలో రాతి కోసం పగలగొట్టడం వల్ల కలిగిన నష్టం కూడా ఇందులో కలిసి ఉంది. ఆమె పేరుపై దాడి జరగలేదని దీని అర్థం కాదు. విరిగిన ప్రతి విగ్రహమూ ద్వేషానికి సాక్ష్యం కాదన్నదే విషయం.

చివరిది, లోకం ఆమెను పూర్తిగా మరచిందన్న మాట. ఇందులో కొంత నిజముంది: అబిడోస్ ఆలయంలో తరువాతి కాలపు ఫరో మొదటి సేతీ చెక్కించిన రాజుల జాబితాలో ఆమె లేదు. అయినా అస్వాన్ గ్రానైట్‌తో ఏకశిలగా చేయించి, ఏడు నెలల్లో తొలిచి తెప్పించానని ఆమె చెప్పుకున్న, దాదాపు 30 మీటర్ల స్తంభం ఇప్పటికీ కర్నాక్‌లో నిలిచే ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకు భాషలో ఈజిప్టు చరిత్ర రాసిన మనెతో అనే పూజారి లెక్కల్లోనూ, యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఉటంకించిన ప్రకారం, హత్షెప్సుట్ రాజవంశంలో 21 సంవత్సరాల 9 నెలలు పాలించిన ఒక స్త్రీ ఉంది. పేరు మారినా, ఆ కాలవ్యవధి హత్షెప్సుట్ పాలనకే సరిపోతుంది.