తాళం నా చేతిలో, ఇంజను దాని గోలలో

పాత డీజిల్ జీపు తాళం తీసేస్తే ఆగదు. ఈ ముక్క మొన్నటిదాకా మా వీధిలో ఎవరికీ తెలీదు. నిన్న అందరికీ తెలిసింది. సత్యనారాయణ వ్రతం చేయించడానికొచ్చిన పంతులు గారికి ముందే తెలుసుననుకోండి, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా బావమరిది కుటుంబంతో హైదరాబాద్ నుంచి దిగి, గుడిస కొండ ఎక్కుదాం బావా అన్నాడు. మారేడుమిల్లిలో కొండెక్కించే జీపులు అద్దెకి దొరుకుతాయి. అందరూ వాటిలోనే వెళ్తారు. ఇంట్లో సొంత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు పెట్టుకుని అద్దె జీపేమిటని నాకు పౌరుషం వచ్చింది. ఆ జీపు ఏదో సర్కారు శాఖలో పని చేసి రిటైరై, వేలంలో నా పాలబడింది. వెనక బ్రేకుల వీల్ సిలిండర్లు కారుతున్నాయి, డీజిల్ ఫిల్టర్ మార్చాలి, ఇంజను ఆపే స్టాప్ కేబుల్ నాలుగు పోగుల మీద వేలాడుతోంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "ఫోటోలు పెట్టండి సార్, చూసి చెప్తా" అన్నాడు. పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడనుకుంటాను.

సరే, మనమే చేసుకుందామని ఇంటి ముందు వెనక ఇరుసుని జాకీతో లేపి సిమెంటు దిమ్మల మీద కూర్చోబెట్టాను. చక్రాలు తీశాను, డ్రమ్ములు తీశాను. కొత్త కేబులు, దాని చివర డీజిల్ పంపుకి తగిలించే లివరు ఒక కొట్టువాడు సెట్టుగా ఇచ్చాడు. "కంపెనీదే సార్, కళ్ళు మూసుకుని బిగించండి" అన్నాడు. కళ్ళు తెరిచే బిగించాను. ఫిల్టర్ మార్చాక డీజిల్ లైన్లో ఎయిర్ పట్టింది. అది ఎలాగూ పడుతుంది. బ్లీడ్ నట్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి చిక్కటి డీజిల్ వచ్చేదాకా కొట్టి, నట్టు బిగిస్తే సరి. వీడియోలో అయిదు నిమిషాల పని. మా ఇంట్లో ఎంతసేపు పట్టిందో చెప్పను. మధ్యలో భోజనం అయింది, బావమరిది నిద్ర కూడా అయింది.

మొత్తానికి స్టార్టయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి "ఇక ఆపండి, ఎదురింట్లో వ్రతం జరుగుతోంది" అంది.

ఆపుదామని డాష్‌బోర్డు కింద నాబ్ పట్టుకుని లాగాను. అది వచ్చింది. ఇంకా వచ్చింది. మూరెడు తీగ ఒళ్ళో పడింది. బానెట్ కింద ఎక్కడో టింగుమని ఒక చప్పుడు. లివరు ఊడి ఛాసిస్ లోతుల్లోకి వెళ్ళిపోయింది. ఇంజను మాత్రం నాకేం సంబంధం అన్నట్టు డుగ్ డుగ్ డుగ్ అని ఆడుతూనే ఉంది.

"బావా, తాళం తియ్యి" అన్నాడు బావమరిది.

తాళం తీసి చేతిలో పెట్టాను. చేతిలో తాళం, ఎదురుగా ఇంజను. రెండింటినీ మార్చి మార్చి చూశాడు. వాడు సాఫ్ట్‌వేర్. ఆపమన్నాక ఆగని వస్తువుని వాడు ఎరగకపోలేదు గానీ, తాళం లేకుండా నడిచే దాన్ని చూడడం అదే మొదలు.

ఇక్కడ కొంచెం చెప్పాలి. పెట్రోలు ఇంజనుకి స్పార్క్ కావాలి. తాళం తిప్పితే కరెంటు పోతుంది, స్పార్క్ పోతుంది, ఇంజను పోతుంది. డీజిల్‌కి స్పార్క్‌తో పనేలేదు. గాలిని సిలిండర్లో ఇరవయ్యో వంతుకి అటూ ఇటూగా నొక్కేస్తే, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. మోటారుతో ఒకసారి తిప్పి వదిలితే చాలు, ఇక దానికి బ్యాటరీ అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, మనం అక్కర్లేదు. పాత బండ్లలో దాన్ని ఆపాలంటే డీజిల్ పంపు మీద కదురులా పొడుచుకొచ్చిన కడ్డీని తిప్పి డీజిల్ కట్టెయ్యాలి. ఆ తిప్పే లివరే ఇప్పుడు ఛాసిస్‌లో ఉంది. రుడాల్ఫ్ డీజిల్ మహానుభావుడు 1897 నాటికి ఈ ఇంజన్ని చక్కగా నడిపించి చూపించాడు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్వర్ప్ నుంచి ఇంగ్లండ్ వెళ్తూ స్టీమర్లోంచి మాయమైపోయాడు. కారణం ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదని పుస్తకాల్లో రాస్తారు. నిన్న సాయంత్రం నాకు మాత్రం, ఎవరో ఆయన్ని "ఇది ఆపడం ఎలా సార్?" అని అడిగి ఉంటారనిపించింది.

ఈలోగా ఎదురింటాయన బయటికొచ్చారు. పట్టు పంచె, పైన కండువా. వెనకాల తెరిచిన తలుపులోంచి పంతులు గారి గొంతు మైకులో వినిపిస్తోంది. వినిపిస్తోంది అనడం కన్నా, డుగ్గుకీ డుగ్గుకీ మధ్య దొరుకుతోంది అనాలి. కథ నాలుగో అధ్యాయంలో ఉంది. పొగ మాత్రం తిన్నగా వాళ్ళ హాల్లోకి, కలశం దాకా వెళ్తోంది. సైలెన్సర్ అటు తిరిగి ఉండడం నా కుట్ర కాదు, వీధి వెడల్పు అంతే.

"ఏవండీ మాస్టారూ, అవతల కథ జరుగుతోంది. తాళం తియ్యరాదూ?"

తాళం ఎత్తి చూపించాను.

"అయితే బ్యాటరీ తీసెయ్యండి."

వద్దు, ఇంజను ఆడుతుండగా బ్యాటరీ తీస్తే ఆల్టర్నేటర్లో డయోడ్లు పోతాయి అని నేను చెప్పేలోపే బావమరిది టెర్మినల్ పీకేశాడు. డయోడ్ల సంగతి ఇంకా చూడలేదు, చూసే ధైర్యం లేదు. ఇంజను మాత్రం ఆ మార్పు గమనించినట్టు కూడా లేదు.

అప్పటికి ఎదురింటి వ్రతానికొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మెట్ల మీదికి చేరారు. సలహాలు మొదలయ్యాయి. గేరులో వేసి క్లచ్ వదలమన్నారొకరు. మంచి సలహాయే. బ్రేకు గట్టిగా తొక్కి టాప్ గేర్లో క్లచ్ వదిలితే ఏ ఇంజనైనా ఆగుతుంది. కానీ వెనక చక్రాలు అరుగు మీద ఉన్నాయి, ఇరుసు దిమ్మల మీద ఉంది, బ్రేకు ఆయిల్ సీసాలో ఉంది. వేస్తే ఖాళీ ఇరుసు గాల్లో గిర్రున తిరుగుతుంది, అంతే. ఫోర్ వీల్ లివరు కూడా వేస్తే ముందు చక్రాలు పట్టు దొరకబుచ్చుకుని జీపుని దిమ్మల మీంచి లాగేస్తాయి. తిన్నగా ఎదురింటి గేటులోకి. ఈ సలహా ఎవరూ ఇవ్వలేదు. నాకే వచ్చింది. ఒక్క క్షణం ఆ లివరు వంక చూశానని ఒప్పుకుంటాను.

డీజిల్ పైపు నట్టు విప్పెయ్యమన్నాడు ఇంకొకాయన. విప్పితే ఆగుతుంది, నిజమే. ఆగి, లైన్లోకి మళ్ళీ ఎయిర్ వెళ్తుంది. పొద్దుట్నుంచి బుడగ బుడగా తీసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది. "విప్పను" అన్నాను. మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయడం కష్టం.

"అయితే డీజిల్ అయిపోయేదాకా ఊరుకోండి బావా" అన్నాడు బావమరిది, ఫోన్లో లెక్క వేస్తూ. గుడిస కోసమని ట్యాంకు నిండా కొట్టించాం. ఊరికే ఆడే ఇంజను గంటకి లీటరు కూడా తాగదు. లెక్క ప్రకారం ఎల్లుండి రాత్రికి వ్రతం ప్రశాంతంగా చేసుకోవచ్చు.

నిజానికి చెయ్యాల్సిన పని నాకు తెలుసు. లివరు ఊడినా ఆ కడ్డీ అక్కడే ఉంది. పెన్సిలంత లావు, గుండ్రంగా, నూనె ఓడుతూ. వేళ్ళకి జారుతుంది, స్పానర్‌కి చిక్కదు. కటింగ్ ప్లయర్ ఒకటుంటే పట్టుకుని పావు వంతు తిప్పితే చాలు, ఆగిపోతుంది. నాకు కటింగ్ ప్లయర్ ఉంది. ఎర్ర పిడిది, మా నాన్నగారి కాలంది, దాని మీద రంపం గాటు కూడా ఉంది. అది సంక్రాంతికి సీరియల్ లైట్లు కట్టుకోవడానికని ఎదురింటాయన పట్టుకెళ్ళారు. ఇప్పుడు కార్తీకం.

నలుగురిలో అడగడం బాగుండదని మెట్ల దాకా వెళ్ళి మెల్లగా అడిగాను. ఇంజను మోతలో మెల్లగా అంటే అరుపే అవుతుంది.

"నా ప్లయర్ మీ దగ్గరుంది కదండీ, ఒక్కసారి ఇస్తారా?"

"ప్లయరా? నా దగ్గరా?" అన్నారాయన, కండువా సర్దుకుంటూ. "మా ఇంట్లో ఏముంటాయండీ, పాత పేపర్లూ అట్టపెట్టెలూ తప్ప."

సరిగ్గా అప్పుడే మైకులో, పడవలో ఏముంది నాయనా అని స్వామి దండి వేషంలో అడగడం, ఆకులూ అలములూ తప్ప ఏమీ లేవని సాధువు అనే వర్తకుడు బొంకడం వినిపించాయి. నేను కల్పించడం లేదు. కథ ఆ రోజు ఆ అధ్యాయంలో ఉంది, నేనేం చెయ్యను? మెట్ల మీదున్న ఒక పెద్దావిడ చేతులు జోడించింది కూడా. ఎదురింటాయన జోడించలేదు.

పైగా "ఇలాంటి బండి పెట్టుకున్నాక ఒక ప్లయర్ కొనుక్కోవాలండీ" అన్నారు.

మైకు ఆగింది. పంతులు గారు బయటికొచ్చారు. కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, నేరుగా బానెట్ దగ్గరికొచ్చి, తల వంచి విన్నారు. "మా తమ్ముడికి కొవ్వూరులో ట్రాక్టరుందండీ, ఇలాగే చేసేది" అన్నారు. "డీజిల్ ఆపలేనప్పుడు గాలి ఆపండి. ఎయిర్ క్లీనర్ గొట్టం ఊడదీసి మూతి మూసెయ్యండి. చెయ్యి పెట్టకండి, గుడ్డ పెట్టకండి, లోపలికి లాగేసుకుంటుంది."

గొట్టం పీకాను. మా ఆవిడ చపాతీ పీట తెచ్చిచ్చింది. పీట పెడితే ఇంజను ఒకసారి గుటకేసింది, పొగ నల్లబడింది, అయినా పీట అంచుల్లోంచి గాలి పీల్చుకుంటూ ఆయాసపడుతూ ఆడింది. గాలి చొరబడకుండా మూయడానికి రబ్బరు కావాలి. చుట్టూ చూశాను. ఎదురింటి మెట్ల కింద వ్రతానికొచ్చినవాళ్ళ చెప్పుల రాశి. దాంట్లో నీలం పట్టీల హవాయి చెప్పు ఒకటి.

హవాయి చెప్పుకి మూడు కన్నాలుంటాయి. ఇంతకు ముందు ఎప్పుడూ వాటి గురించి ఆలోచించలేదు. మడమ వైపు పెడితే రెండు పట్టీల కన్నాల్లోంచీ గాలి దూరి ఈలేసింది. సన్నగా, పొడుగ్గా, వీధి చివరికి వినపడేంతగా. పిల్లలు పడీ పడీ నవ్వారు. వేళ్ళ వైపు పెడితే ఒక కన్నం, అదో శృతి. పంతులు గారు "మధ్యలో, మధ్యలో" అని చేత్తో చూపించారు. మధ్యకి జరిపాను. చెప్పు లోపలికి గుంటపడి గొట్టానికి కరుచుకుంది. ఇంజను ఒకసారి వణికింది, జీపంతా ఊగింది, దిమ్మలు కిర్రుమన్నాయి. ఆగింది.

అంత నిశ్శబ్దం మా వీధిలో నేను ఎప్పుడూ వినలేదు. అందులో ఎదురింటాయన గొంతు స్పష్టంగా వినిపించింది.

"అది నా చెప్పండీ."

తీసి చూశాను. మధ్యలో గుండ్రటి ముద్ర, దాని చుట్టూ మసి. "కడిగిస్తాను" అన్నాను. అవసరం లేదు, ఇప్పుడే ఇవ్వండి అన్నారు. ఏమైందో తెలీదు, నా నోట్లోంచి "ప్లయర్ తీసుకురండి, చెప్పిస్తాను" అని వచ్చేసింది. మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. పంతులు గారు మాత్రం అయిదో అధ్యాయం మిగిలిందని గబగబా లోపలికి వెళ్ళిపోయారు. ప్రసాదం మా ఇంటికి వచ్చింది. ప్లయర్ రాలేదు. చెప్పు మా అరుగు మీదే ఉంది.

బావమరిది వాళ్ళు ఇవాళ తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని మారేడుమిల్లి వెళ్ళారు. కొండ మీంచి ఫోటోలు పెడుతున్నారు, అన్నిట్లోనూ వెనకాల అద్దె జీపు.

పొద్దున్నే కొట్టువాడికి ఫోన్ చేశాను. కేబులు మొదటిసారి లాగగానే ఊడొచ్చిందని, లివరు బోల్టు విరిగిపోయిందని, మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"లాగారా సార్?" అన్నాడు. "కొత్త కేబులు కదా, రెండు రోజులు లాగకుండా ఉండాల్సింది."