శనివారం నాడు పిల్లలుండకూడదు

అమెరికా నేషనల్ గార్డ్‌కి లెక్కలు రావని ఎవరైనా అంటే నేనొప్పుకోను. నెలకో వీకెండ్, ఏడాదికి రెండు వారాలు: ఇదీ అక్కడి పార్ట్‌టైమ్ సైనికుల కొలువు. ఆ వీకెండ్‌ని నాలుగు డ్రిల్లులుగా, అంటే శిక్షణ పూటలుగా విడగొట్టి, ఒక్కో డ్రిల్లుకి ఒక రోజు బేసిక్ పే ఇస్తారు. రెండు రోజులు వెళ్తే నాలుగు రోజుల జీతమన్నమాట. మన దగ్గర ఏ మేస్త్రీ ఇలా లెక్క కట్టడు. ఇంత ఉదారంగా లెక్కపెట్టేవాళ్లు, ఆ వీకెండ్‌లో సైనికురాలి మూడేళ్ల పిల్లాణ్ణి ఎవరు చూస్తారన్న దగ్గరికొచ్చేసరికి సున్నా వేసి ఊరుకున్నారు.

తప్పు వాళ్లది కాదు, పిల్లాడిది. వాడు శనివారం కూడా ఉంటున్నాడు.

బేస్‌ల (సైనిక స్థావరాల) మీద సైన్యం నడిపే డేకేర్‌లు నాసిరకం అనుకునేరు. 1989లో దీనికోసమే చట్టం చేసి సిబ్బందికి శిక్షణ, చెప్పాపెట్టకుండా తనిఖీలు, ఆదాయాన్ని బట్టి ఫీజు అన్నీ పెట్టారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వంక పెట్టలేం. శుక్రవారం సాయంత్రం చాలాచోట్ల తాళం పడుతుంది, శనివారం పొద్దున్నే డ్రిల్ మొదలవుతుంది. ఈలోగా పిల్లాణ్ణి ఎక్కడ పెట్టాలన్నది కుటుంబ వ్యవహారం. అందులో సైన్యం తలదూర్చడం మర్యాద కాదు.

బయటి డేకేర్‌కి ఫీజు సాయం ఉందిగా అంటారా? ఉంది. కాకపోతే గార్డ్, రిజర్వ్ (అలాంటిదే ఇంకో పార్ట్‌టైమ్ దళం) వాళ్లు సాధారణంగా యాక్టివ్ డ్యూటీ ఆర్డర్స్, అంటే పూర్తికాలపు విధుల్లోకి పిలిచిన ఉత్తర్వులు చూపించాలి. నెలవారీ డ్రిల్ అందులోకి రాదు. యూనిఫాం వేసుకుని, బూట్లు బిగించి వరసలో నిలబడ్డా, ఫీజు విషయంలో మాత్రం ఆమె ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టే.

అలాగని సైన్యం పిల్లల్ని పట్టించుకోదనడం అన్యాయం. పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్నా, భార్యాభర్తలిద్దరూ యూనిఫాంలో ఉన్నా ‘ఫ్యామిలీ కేర్ ప్లాన్’ ఇచ్చి తీరాలి. ఆర్మీలో ఆ ఫారం నంబరు 5305. పిల్లాణ్ణి ఎవరు చూస్తారో పేరు రాయాలి. రాయలేకపోతే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. మనిషిని వాళ్లు ఇవ్వరు, మీరే వెతుక్కోవాలి, కానీ ఫారం మాత్రం ఉచితం.

అమెరికాలో మన తెలుగువాళ్లు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు: ఆర్నెల్లు అమ్మ, ఆర్నెల్లు అత్తగారు. విజిటర్ వీసా మీద దిగే ఆ బలగానికి జీతం లేదు, వీకెండ్ అసలే లేదు. పెంటగాన్ ఈ వ్యూహాన్ని శ్రద్ధగా పరిశీలించాలి.

కొందరు మాత్రం తొందరపడుతున్నారు. ఎయిర్‌ఫోర్స్ తన గార్డ్, రిజర్వ్ వాళ్లకి డ్రిల్ వీకెండ్‌లో లైసెన్స్ ఉన్న ఇళ్లలో పిల్లల్ని ఉచితంగా చూసే ఏర్పాటు చేసింది. ఆర్మీ గార్డ్ కూడా కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటిదే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 1636లో పుట్టానని చెప్పుకునే నేషనల్ గార్డ్‌కి మరీ ఇంత తొందరేమిటో!

నా సూచన ఒకటే. పిల్లాడికే ఆర్డర్స్ ఇచ్చేయండి. శనివారం పొద్దున్నే హాజరు. నాలుగు డ్రిల్లులు: పాలు, అల్లరి, ఏడుపు, నిద్ర. వాళ్లమ్మ డ్రిల్ జీతం ఎలాగూ బేబీసిట్టర్‌కే పోతోంది, కనీసం వాడి జీతమైనా ఇంటికొస్తుంది.