భిన్నం తేలకుండా బీజగణితమా?

మూడింట రెండు వంతులు పెద్దదా, ఐదింట మూడు వంతులు పెద్దదా? ఏడో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. తడుముకోకుండా రెండోదే అనేవారు తప్పక కనిపిస్తారు. పైనా కిందా ఉన్న అంకెలు పెద్దవి కదా అన్నది వారి తర్కం. ఇందులో మొద్దుతనమేమీ లేదు. అంకె పెరిగితే విలువ పెరుగుతుందని తొలి తరగతుల్లో నేర్చుకున్న పిల్లలకు, హారం పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందన్న సంగతి బుర్రకెక్కక ముందే కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టించేస్తున్నాం.

ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు తరగతులను 2020 జాతీయ విద్యావిధానం ఒక ప్రత్యేక దశగా గుర్తించింది. ఋణ సంఖ్యలు, భిన్నాలు, నిష్పత్తి, శాతం, సామాన్య సమీకరణాలు, క్షేత్రమితి అన్నీ ఈ మూడేళ్లలోనే మీద పడతాయి. వాటిని అందుకోవడానికి వస్తున్న పిల్లల పరిస్థితి ఏమిటి? ప్రథమ్ సంస్థ 2024లో గ్రామీణ భారతంలో జరిపిన అసర్ సర్వేలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు ఎనిమిదో తరగతిలో సగం మంది కూడా లేరు, 45.8 శాతమే. భాగహారం రానివారికి భిన్నం రాదు, భిన్నం రానివారికి బీజగణితం అందదు. పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం వచ్చిన తీరును బట్టి పదహారేళ్లకు గణితంలో ఎక్కడుంటారో అంచనా వేయవచ్చని, అమెరికా, బ్రిటన్ విద్యార్థుల వివరాలు పరిశీలించిన రాబర్ట్ సీగ్లర్ బృందం 2012లోనే తేల్చింది.

ఈ లోటు మార్కుల దగ్గర ఆగదు. పుస్తకంలో సాధారణ వడ్డీ ఏడాదికి ఇంత శాతమని ఉంటుంది. ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు, అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. యాభై వేలు తెచ్చుకున్న కుటుంబానికి మూడేళ్లలో వడ్డీయే 36,000 అవుతుంది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు గనుక, అప్పటికీ తీర్చలేకపోతే అసలూ వడ్డీ కలిపి 86,000కు నోటు తిరగరాస్తారు. మరో మూడేళ్లకు బాకీ 1,47,920కి చేరుతుంది. మొదటి యాభై వేల మీదే వడ్డీ లెక్కకట్టి ఉంటే ఆరేళ్లకు తేలేది 1,22,000. మధ్యలో పుట్టుకొచ్చిన 25,920 రూపాయలు చక్రవడ్డీ చలవ. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ సూత్రం అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, ఇంట్లో నోటు తిరగరాస్తుంటే ఈ లెక్క కట్టగలదా? కట్టలేకపోతే ఆ మార్కులు దేనికి?

ప్రైవేటు బడుల్లో వెనుకబాటు ఇంకో రకం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ‘ఫౌండేషన్’ పేరిట తొమ్మిది, పది తరగతుల పాఠాలు లాక్కొచ్చి పిల్లల నెత్తిన పెడుతున్నారు. అదనపు ఫీజు మాత్రం ఠంచనుగా వసూలవుతుంది. ఒక సంఖ్యను రెట్టింపు చేసి 3 కలిపితే 11 వచ్చింది, ఆ సంఖ్య ఎంత అని అడిగితే నోటిలెక్కగా నాలుగని చెప్పే పిల్లవాడు, దాన్నే సమీకరణంగా రాసిస్తే ‘మూడు అవతలికి వెళ్లి మైనస్ అయింది’ అంటాడు. ఎందుకయింది? రెండు వైపులా మూడు తీసేశాం కాబట్టి. ఆ ఒక్క మాట చెప్పడానికి ఫౌండేషన్ తరగతిలో తీరిక ఉండదు. తల్లిదండ్రులకు కావలసింది కూడా ఈ ఫౌండేషన్ తరగతులేనని యాజమాన్యాలు అంటాయి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

సిలబస్ పూర్తి చేయించడమే తనిఖీకి వచ్చే అధికారుల కొలమానమైనంత కాలం ఉపాధ్యాయులను తప్పుపట్టి లాభం లేదు. ఆరో తరగతికి జూన్, జూలై నెలలు భాగహారానికీ భిన్నాలకీ వదిలేయాలి. ఆ రెండు నెలలూ యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పని నుంచి లెక్కల మాస్టార్లను తప్పించాలి. ఎనిమిదో తరగతి లోపు ఫౌండేషన్ తరగతులను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ నిషేధించాలన్నది మా అభిప్రాయం.

పైసా ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది. ప్రశ్నపత్రాలు మార్చాలి. సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు వంతులు వచ్చిందని ఒక విద్యార్థి రాసినట్టు పరీక్షలో ఇవ్వాలి. కసాగు ఊసెత్తకుండా, సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎందుకు రాదో రెండు వాక్యాల్లో రాయమనాలి. ఆ రెండు వాక్యాలకు నాలుగు మార్కులు వేయాలి.