అటకల మీది వావిళ్ల ప్రతులు

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో పాత తెలుగు ఇంట అటక దులిపితే, పురుగు తిన్న పంచాంగాల అడుగున వావిళ్లవారి పుస్తకం ఒకటైనా బయటపడడం నేటికీ వింత కాదు. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో నెలకొల్పిన ఆ సంస్థ, తాటాకులకే పరిమితమైన కావ్యాలను, శాస్త్రాలను పండితులచేత పరిష్కరింపజేసి, సంస్కృత గ్రంథాలను సైతం తెలుగు లిపిలో అచ్చువేసి, గురువు ముంగిట కూర్చునే యోగం లేనివారికి కూడా వాటిని అందించింది. ఈ ఊళ్లున్న గంజాం జిల్లా నాడు మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి ఎల్లలు మారాయి గాని, ఆ పుస్తకాలు ఉన్నచోటనే ఉండిపోయాయి.

ఆ సంస్థను కేవలం సంప్రదాయ ప్రచురణల కొట్టుగా భావించడం పొరపాటు. రామస్వామి శాస్త్రుల కుమారుడు వేంకటేశ్వర శాస్త్రుల హయాంలో, 1910లో, గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన, 18వ శతాబ్ది కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను ప్రచురించి, అశ్లీలమన్న అభియోగంతో ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నది ఈ వావిళ్లవారే. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. పర్లాకిమిడిలో ఉంటూ వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు నడయాడిన ఊళ్లోనే ఈ గ్రాంథిక గ్రంథాలు ఇంకా మిగిలి ఉండడం ఒక చమత్కారం.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడగలిగీ చదవలేని తరం పెరుగుతున్నది; ఈ పుస్తకాలు ఏమిటో చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు. అందుచేత ఇక్కడి తెలుగు సంఘాలు ఇంటింటి ప్రతులకు ఒక పట్టిక తయారుచేసి, శిథిలమవుతున్నవాటిని స్కాన్ చేయించాలని మేము కోరుతున్నాము. రచయిత మరణించిన 60 ఏళ్ల తరువాత మన చట్టం ప్రకారం కాపీహక్కు ఉండదు కనుక, ప్రాచీన గ్రంథాల 19వ శతాబ్ది ముద్రణలకు ఆ చిక్కు లేదు. పుస్తకం దానం చేయనక్కరలేదు, ఒక పూట ఎరువిస్తే చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: గ్రంథభాగాన్ని మాత్రమే ఫొటో తీసి ఊరుకోరాదు. ఏ ఏట ఏయే పుస్తకాలు ఏ వెలకు అమ్మారో తెలిపే ప్రకటనలు చివరి పేజీల్లోనే ఉంటాయి. కొత్తగా బైండు చేయించేటప్పుడు మొదట చింపి పారవేసేది వాటినే.