హెచ్‌ఎం టేబుల్ మీద తాళంచెవి

ఒక బడి ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే నేను టెన్త్ ఫలితాలు అడగను. ఆడపిల్లల మరుగుదొడ్డి తాళంచెవి ఎక్కడుందో అడుగుతాను. మరుగుదొడ్ల ఫొటోలు తీసి ప్రభుత్వ యాప్‌లో ఎక్కించాల్సిన రోజుల్లో, ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లోని ఒక హైస్కూల్లో అది హెచ్‌ఎం టేబుల్ మీద, పేపర్‌వెయిట్ పక్కన కనిపించింది. పొద్దున ఫొటో కోసం తలుపు తీసేవారు, ఫొటో అయ్యాక తాళం వేసేవారు. "పిల్లలు పాడుచేస్తారండీ, రేపు ఫొటో ఎలా?" అన్నారాయన. ఆ మాట తప్పని ఆయనకు తోచనే లేదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలేమో బడిలో నీళ్లు తాగడమే మానేశారు.

హెచ్‌ఎం తొమ్మిదిన్నరకొస్తే టీచర్లు పావుతక్కువ పదికొస్తారు. మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించేముందు టీచరు రుచి చూడాలన్నది నిబంధన. రుచి చూసినట్టు వారం సంతకాలన్నీ శనివారం ఒకేసారి పెట్టేసే బడులున్నాయి. కావలి దగ్గర ఒక హెచ్‌ఎం మాత్రం రోజూ కంచం పట్టుకుని వరండాలో పిల్లల పంక్తిలోనే కూర్చునేవారు. వంటమ్మను ఒక్క మాట అనలేదు. పది రోజుల్లో పప్పు చిక్కబడింది.

తనిఖీలు లేకపోతే కొందరు బడికే రారని అంటారు. నిజమే, అలాంటివాళ్లు ఉన్నారు. కానీ తనిఖీ మనిషిని బడికి రప్పిస్తుందేగానీ, ఆ తాళం తీయించదు.

తీయించగలిగేది ఊరే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సాక్షరతా తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు, వాచకంలో ఒక పాఠం చదివి సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. కూలి చేసుకునే ఆడవాళ్లు సర్కారునే దిగొచ్చేలా చేసిన నేల ఇది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలే ఉండాలి. అలాంటి చోట తల్లులను పిలిచి, టీ ఇచ్చి, సంతకం పెట్టించుకుని పంపేస్తున్నారు! ఏం రాసుకున్నారో చదివి వినిపించే ఓపిక కూడా ఉండదు.

కమిటీ మీటింగ్ హెచ్‌ఎం గదిలో వద్దు. వంటగది ముందు మొదలుపెట్టి, మరుగుదొడ్ల దగ్గర ముగించండి. తాళంచెవి ఒక తల్లి చేతిలో పెట్టండి.