ట్రయల్‌లో చేరే ముందు లెక్క రోగే వేసుకోవాలి

కొత్త చికిత్సను మనుషులపై పరీక్షించే క్లినికల్ ట్రయల్ మాట క్యాన్సర్ వైద్యుడు (ఆంకాలజిస్టు) ఎత్తగానే ఇంటిల్లిపాదీ అడిగేది ఒక్కటే: "మందు పనిచేస్తుందా డాక్టర్‌గారూ?" దానికి ఆయన దగ్గరా జవాబు ఉండదు. ముందే తెలిస్తే ట్రయలే అక్కర్లేదు. కాస్తయినా జవాబు దొరికే ప్రశ్న మరొకటి ఉంది. ఈ మందు మొదలుపెట్టాక నా రోజులు ఎలా గడుస్తాయి? సమ్మతి పత్రంపై సంతకానికి ముందు ఎక్కువసేపు మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

సైడ్ ఎఫెక్టుల తీవ్రతను ట్రయల్స్‌లో 1 నుంచి 5 దాకా గ్రేడ్లుగా రాస్తారు. 5 అంటే మరణం. 3 లేదా 4 వస్తే అందరూ అప్రమత్తమవుతారు. డోసు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు. 2ను మాత్రం "మామూలేనమ్మా" అని దాటేస్తారు. నా అభ్యంతరమంతా అక్కడే. మామూలుకన్నా రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఎక్కువ విరేచనాలైతే అది గ్రేడ్ 2. రెండ్రోజుల్లో తగ్గితే ఓర్చుకోవచ్చు. రోజూ మాత్ర మింగాల్సిన చికిత్సలో నెలల తరబడి అదే పరిస్థితి ఉంటే బస్సెక్కి పనికెళ్లే మనిషి ఇల్లు కదలలేడు. ట్రయల్ ఫలితాల పట్టికల్లో సాధారణంగా కనిపించేది ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే. ఎన్నాళ్లు పీడించిందో కనిపించదు.

నరాలు దెబ్బతిని వేళ్లు తిమ్మిరెక్కడం చూడండి. వంట చేసుకోవడం, సరుకులు కొనడం, ఫోన్ వాడడం కష్టమైతే గ్రేడ్ 2. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం కూడా కష్టమైతే 3. పోచంపల్లిలో ఆసు పోసే మనిషికి, సూదిలో దారం ఎక్కించే టైలరుకి వేళ్లే బతుకుతెరువు. అది పోవడం ఈ కొలతలో ఎక్కడా విడిగా నమోదు కాదు.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత, ఇలా నరాలను దెబ్బతీసే ఆక్సాలిప్లాటిన్ మందు ఉన్న కీమోను ఏళ్ల తరబడి ఆరు నెలలు ఇచ్చారు. మూడు నెలలు ఇస్తే సరిపోతుందా అని, జబ్బు మూడో దశలో ఉన్న రోగులు 12 వేల మందికి పైగా పాల్గొన్న ఆరు ట్రయల్స్ ఫలితాలను కలిపి చూసి 2018లో ప్రచురించారు. మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మూడు నెలల చికిత్సలో 74.6 శాతం, ఆరు నెలల చికిత్సలో 75.5 శాతం. తేడా ఒక్క శాతం లోపే. ఫోల్‌ఫాక్స్ అనే ఆక్సాలిప్లాటిన్ కీమో తీసుకున్నవారిలో గ్రేడ్ 2, అంతకు మించిన నరాల సమస్య మాత్రం ఆరు నెలలకు 47.7 శాతం మందిలో, మూడు నెలలకు 16.6 శాతం మందిలో వచ్చింది. రెండూ సమానమేనని గణాంకాలు అందరి విషయంలోనూ తేల్చలేదు, నిజమే. అయినా ఆ ఒక్క శాతం కోసం వేళ్లను పణంగా పెట్టాలో లేదో తేల్చుకోవాల్సింది ఆ వేళ్లున్న మనిషే.

డోసు కథా ఇలాంటిదే. కీమో కాలం నుంచీ మొదటి దశ ట్రయల్స్ మనిషి తట్టుకోగల గరిష్ఠ మోతాదును వెతుకుతూ వచ్చాయి. కొత్త తరం మందులకు ఈ పద్ధతి సరిపోదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుర్తించి, సరైన మోతాదును వెతికించేందుకు 2021లో ప్రాజెక్ట్ ఆప్టిమస్ మొదలుపెట్టింది. మన ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి ఇంకా ధైర్యం చేసింది. ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులకు వాడుకలో ఉన్న డోసులో పదో వంతుకన్నా తక్కువగా, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చింది. ఏడాది బతికినవారు, నోటి ద్వారా ఇచ్చే చికిత్సకు ఆ మందు కలపనప్పుడు 16.3 శాతం, కలిపినప్పుడు 43.4 శాతం. అందుకే "ఈ డోసే ఎందుకు? నాకు పడకపోతే తగ్గిస్తారా?" అని అడగడానికి ఏ రోగీ మొహమాటపడక్కర్లేదు.

వేరే దారి లేనివాళ్లకు ఈ చిట్టా అంతా వినిపిస్తే భయపడి వెనక్కి తగ్గుతారని, ఉన్న ఒక్క అవకాశమూ పోతుందని కొందరు డాక్టర్లు అంటారు. ఆ ఆందోళన అర్థమవుతుంది. కానీ ముందే విన్నవాడు జ్వరం రాగానే ఆసుపత్రికి ఫోన్ చేస్తాడు. విననివాడు ఇంట్లోనే పారాసిటమాల్ వేసుకుని పడుకుంటాడు. కీమోలో తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడు ఆ ఒక్క రాత్రి ఆలస్యమే ప్రాణం తీయగలదు.

దీనికన్నా పెద్ద అడ్డంకి మన ఇళ్లలోనే ఉంది. నాన్నకు క్యాన్సరని నాన్నకే చెప్పం. "ఆయన తట్టుకోలేరు, మాతో మాట్లాడండి" అంటూ కొడుకు డాక్టర్ని పక్కకు తీసుకెళతాడు. జబ్బు పేరే తెలియని మనిషి ఆ మందు కష్టనష్టాలను ఎలా బేరీజు వేసుకుంటాడు? 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు గిరిజన బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లు సమ్మతి సంతకాలు పెట్టారు. మరుసటి ఏడాది కేంద్రం ఆ అధ్యయనాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆనాడు మనకు కోపం వచ్చింది, రావాల్సిందే. స్పృహలో ఉన్న తండ్రికి బదులు కొడుకు నిర్ణయం తీసేసుకుంటే అదీ తప్పే. ప్రేమతో చేశాడని ఒప్పయిపోదు.

క్లినికల్ ట్రయల్స్‌పై మన దేశంలో 2019 నాటి నిబంధనలు రోగి పక్షానే ఉన్నాయి. వివరాల పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ అతని చేతికివ్వాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ ఇవ్వాలి. ఆ పత్రాన్ని ఆమోదించే ఎథిక్స్ కమిటీలో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడొకరు తప్పనిసరి. ఆ కుర్చీలో కీమో చేయించుకున్న మనిషిని కూర్చోబెట్టాలి. "స్వల్ప అలసట" అని రాసిన చోట వేలు పెట్టి, మెట్లు ఎక్కలేకపోయిన రోజులు ఎన్నో ఆ మనిషే చెప్పగలరు.